దొరగారి ఆఖరి పోసెట్

సెప్టెంబరు 6, 1868. ఆదివారం

చర్చి నుంచి వస్తుంటే సర్ లూషియస్ దొరగారి ముక్కు మీద తేనెటీగ కుట్టింది. ముక్కు బంగాళాదుంపంత అయింది. ఎప్పుడూ ముక్కు మీదే ఉండే కోపం ఇవాళ మార్ల్‌కూంబ్ హాల్ అంతా పాకింది. తోటలో ఉన్న ఏడు తేనెబుట్టల కిందా గంధకం పొగపెట్టి, శనివారం కల్లా ఈగలన్నిటినీ చంపెయ్యాలని తోటమాలికి హుకుం జారీ చేశారు.

అవి చెల్లెలుగారివి. మిస్ అగస్టాకి డెబ్బై ఏళ్లు. పెళ్లి లేదు, పిల్లల్లేరు, ఉన్నవి ఆ ఈగలే. ఒక్కో బుట్టకీ ఒక్కో పేరు పెట్టుకుంది. అయినా భోజనాల దగ్గర నోరెత్తలేదట. "సరే అన్నయ్యా. ఇంకాస్త ఆవముద్ద వేసుకో," అందట.

ఇదంతా కింబర్ వచ్చి చెప్పాడు. అతని మీదా విరుచుకుపడ్డారట. పోర్ట్ వైన్ సీసా అడుగున మడ్డి కదిలిందని, "నెలాఖరుకి సామాను సర్దుకో" అన్నారట. ఏడాదికి నాలుగుసార్లు అనే మాటే. ఇరవై రెండేళ్లుగా ఈ ఇంటి బట్లర్‌నన్న గీర తప్ప ఆ మనిషిలో నాకు ఇంకేమీ కనపడదు. నా వంటింట్లో నా కుర్చీలో కూర్చుని, నా సూప్ రుచి చూసి, "ఉప్పు తగ్గిందండీ పార్డోగారూ" అంటాడు. తగ్గలేదు.

సెప్టెంబరు 10, గురువారం

గుడ్లూ మీగడా షెర్రీ వైనూ కలిపి కాచి నేను చేసే పోసెట్, దొరగారు రాత్రిపూట తాగేది, నిన్న పల్చగా ఉందట. మిస్ అగస్టా చేత కబురు పంపారు. నా పోసెట్ పల్చగా ఉందట! ఇవాళ చిక్కగా చేసి పంపాను. మింగండి.

సెప్టెంబరు 11, శుక్రవారం

దొరగారు పోయారు.

ఎనిమిదింటికి గడ్డానికి వేడినీళ్లు పట్టుకెళ్లిన కింబర్ చూశాడు. దుప్పట్లన్నీ చుట్టచుట్టుకుని, మంచం మీద మెలికలు తిరిగి ఉన్నారట. అతను తిన్నగా వంటింట్లోకి వచ్చి నా మొహం చూశాడు.

"దొరగారు పోయారండీ. మీరు కూర్చోండి."

"పొయ్యి మీద పాలున్నాయి. కూర్చుంటే ఎలా? ఏమైంది ఆయనకి?"

"మీరేం మాట్లాడొద్దు పార్డోగారూ. ఎవరేం అడిగినా ఏమీ తెలీదనండి."

నాకేం తెలుసని ఏమీ తెలియదనాలి? పాలు పొంగిపోయాయి. అది కూడా ఆ మనిషి వల్లే.

డాక్టర్ వచ్చి మంచం పక్కనున్న పోసెట్ గిన్నె అడుగు వేలితో రాసి చూశాడు. పాషాణం అన్నాడు. నా గిన్నెలో!

ఈ గొడవలో తేనెటీగల సంగతి అందరూ మరిచారు. యజమాని పోతే ఇంటి తాళంచెవితో బుట్టను మూడుసార్లు తట్టి, సంగతి చెప్పి, నల్లగుడ్డ కట్టాలి. చెప్పకపోతే అలిగి లేచిపోతాయి, లేదంటే బుట్టలోనే చచ్చిపోతాయి. మూఢనమ్మకం అంటారు పాదిరీగారు. ఆయన లండన్ మనిషి, ఆయన మాటకేం. తొమ్మిదిన్నరకు తాళంచెవి పట్టుకుని పరిగెత్తాను. అప్పటికే ఏడు బుట్టలకూ నల్ల క్రేపు కట్టి ఉంది. పాపం మిస్ అగస్టా, అంత దుఃఖంలోనూ మరిచిపోలేదు. గుడ్డలు మంచుకి తడిసి ముద్దయి జారిపోతుంటే విప్పి మళ్లీ కట్టాను. గుడ్డల కింద బుట్టలు అల్లిన గడ్డి పొడిగానే ఉంది. క్రేపు రంగు చేతులకు అంటుకుని, ఎంత రుద్దినా వదల్లేదు.

సెప్టెంబరు 12, శనివారం

హెరెఫర్డ్ నుంచి ఇన్‌స్పెక్టర్ ప్రోసర్ వచ్చాడు. ఎర్ర మీసాలు. మందుల కొట్లో విషాల పుస్తకం తిరగేసి, ఆగస్టులో పాషాణం కొన్నట్టు కింబర్ సంతకం పట్టుకున్నాడు. ఉండదా మరి? వైన్ గదిలో ఎలుకలున్నాయి. పొట్లం కింబర్ గదిలో అల్మారాలో ఉండేది. దానికి తాళం లేదు. ఎవరైనా తీసుకోవచ్చు. అయినా దొరగారు పొమ్మన్న బట్లర్ అతనే, పోసెట్ పైకి మోసిన మనిషీ అతనే.

"చేసింది నేను. నన్ను అడగండి," అన్నాను.

"సరేనమ్మా. పోసెట్లో ఏమేం కలిపావు?"

"గుడ్లు, మీగడ, చక్కెర, షెర్రీ."

"ఇంకేం లేదా?"

నేను నోరు తెరిచేలోపే కింబర్ మధ్యలో దూరాడు. "ఆవిడకేం తెలీదయ్యా. వంట తప్ప ఇంకేం ఎరగని మనిషి. ఆవిణ్ని వదిలెయ్యండి."

నన్ను! నా ఎదురుగానే! ఆ మాటకి బదులిచ్చేలోపే అతన్ని బండెక్కించి తీసుకుపోయారు. టోపీ మరిచిపోయాడు.

సెప్టెంబరు 13, ఆదివారం

టోపీకి బ్రష్ కొట్టాను. దుమ్ము పట్టింది కాబట్టి.

సెప్టెంబరు 14, సోమవారం

సరిగ్గా నాలుగింటికి వంటింటి గోడ మీద, పైగదుల్లో తాడు లాగితే మోగే గంటల వరుసలో దొరగారి చదువుల గది గంట మోగింది. బతికున్నన్నాళ్లూ ఆ వేళకే టీ కోసం మోగించేవారు. నలభై ఏళ్ల కెజయా, ఇంతలావు పనిమనిషి, కెవ్వుమని నా మీద పడింది.

పైకి వెళ్లి చూశాను. గదికి పోలీసుల లక్క ముద్ర అలాగే ఉంది. లోపల ఎవరూ ఉండే వీల్లేదు. తీగ మీద ఎలుక ఎక్కి ఉంటుంది. ఎలుకలకి గడియారం చూడటం వచ్చో రాదో నాకు తెలియదు. టీ పెట్టి తలుపు బయట ఉంచి వచ్చాను. అలవాటు కొద్దీ.

సెప్టెంబరు 15, మంగళవారం

కింబర్ నేరం ఒప్పుకున్నాడట.

పోస్టు తెచ్చినతను చెప్పాడు. విషం ఎంత కలిపావని ప్రోసర్ అడిగితే "ఒక పింట్" అన్నాడట. పింట్! ఆ గిన్నెలో పట్టేదే అరపింట్. అబద్ధమైనా సరిగ్గా చెప్పటం చేతకాని మనిషి. ఎందుకు ఒప్పుకున్నట్టు? నలుగురూ చూస్తున్నారని గీర అయ్యుంటుంది. తన ఇంట్లో జరిగిన హత్య కూడా తనే చెయ్యాలి కాబోలు.

వచ్చే నెలలో కోర్టు. తనంతట తను ఒప్పుకున్నవాణ్ని ఉరి తియ్యటానికి పావుగంట చాలునట.

నా పోసెట్ పేరు పాడయిందే అన్నదొక్కటే నా బాధ. గంట మళ్లీ నాలుగింటికి మోగింది. మధ్యాహ్నం ఏమీ తినబుద్ధి కాలేదు. రొట్టె మాడింది.

సెప్టెంబరు 16, బుధవారం

దొరగారిని పూడ్చారు. కుండపోత వాన. ఆడవాళ్లందరి క్రేపు ముసుగులూ కరిగి మెడల మీదికి నల్లటి చారలు దిగాయి. నా చేతులు చూసుకున్నాను. మళ్లీ నల్లగా ఉన్నాయి.

శుక్రవారం పొద్దున కూడా ఇలాగే ఉన్నాయి. కానీ శుక్రవారం వాన లేదు.

ఇల్లు చేరేదాకా ఆ సంగతే ఆలోచించాను. ఆ గుడ్డలు రాత్రి కురిసిన మంచుకి తడిశాయి. కింద బుట్టల గడ్డి పొడిగా ఉంది. అంటే మంచు కురవక ముందే కట్టారు. గురువారం సాయంత్రమే కట్టారు. ఆ వేళకి దొరగారు పైన కూర్చుని పోసెట్ పల్చనవుతోందని తిడుతున్నారు. బతికున్న మనిషి చనిపోయాడని ఈగలకి ముందుగా ఎవరు చెప్తారు?

చెప్పకపోతే అవి వెళ్లిపోతాయని భయపడే మనిషి చెబుతుంది. ఆ ఈగల కోసమే చంపిన మనిషి చెబుతుంది. రాత్రిళ్లు అన్నగారి పక్కన కూర్చుని, పోసెట్ మీద తన చేత్తో చక్కెర చల్లే మనిషి చెబుతుంది.

నాకు న్యుమోనియా వచ్చినప్పుడు పదకొండు రోజులు పక్కన కూర్చుని తేనెనీళ్లు తాగించింది ఆ చేత్తోనే.

సెప్టెంబరు 18, శుక్రవారం

హెరెఫర్డ్ వెళ్లి వచ్చాను. ప్రోసర్ నేను చెప్పిందంతా విని మీసాల్లో నవ్వాడు.

"అయితే తేనెటీగల్ని బోనెక్కించమంటావా అమ్మా? ప్రమాణం ఎవరు చేయిస్తారు?"

"గుడ్డలు తడిశాయి, గడ్డి తడవలేదు. అది అబద్ధం ఆడదుగా?"

"మనిషి ఒప్పుకున్నాడమ్మా. ఒప్పుకున్న మనిషిని వదిలేసి డెబ్బై ఏళ్ల దొరసానిని పట్టుకెళ్తే నా ఉద్యోగం ఉంటుందా?"

జైల్లో కింబర్ నన్ను చూడనన్నాడు. నేను పట్టుకెళ్లిన కేకు మాత్రం తీసుకున్నాడట. తిరుగు బండిలో దారంతా కంట్లో నలుసు పడి నీళ్లు కారాయి.

సెప్టెంబరు 19, శనివారం

మిస్ అగస్టా వంటింట్లోకి వచ్చింది. ముఖం పాలిపోయింది.

"పార్డో, అన్నయ్య రోజూ గంట కొడుతున్నాడు. ఏం కావాలంటావు?"

"టీ అయ్యుంటుందమ్మా."

"కాదు. కోపంగా ఉన్నాడు. కొట్టే తీరు నాకు తెలుసు. లండన్ నుంచి ఆత్మల్ని పిలిచే ఆవిణ్ని రప్పిస్తున్నా. ఏం కావాలో ఇచ్చేసి పంపించేద్దాం."

జాలేసింది. నిజంగానే వేసింది. కానీ కింబర్‌కి ఉన్నది ఒక్కటే మెడ.

సెప్టెంబరు 21, సోమవారం

ఇవాళ గంట మూడుసార్లు మోగింది. అందులో రెండు నా చీపురు కర్రవి.

మదామ్ ఓర్లోవ్‌స్కా దిగింది. రష్యా రాణులకి వాళ్ల తాతల్ని పిలిచి మాట్లాడించిందట. పైన భోజనంలో పిట్టలా కొరికి, ఆ వెంటనే వెనక మెట్ల మీంచి నా దగ్గరికి దిగింది. సగం హామ్ లాగించి, వేలు కాల్చుకుని ఒక తిట్టు తిట్టింది. అది రష్యా తిట్టు కాదు. బర్మింగ్‌హామ్ కసాయి వీధి తిట్టు. మా పిన్ని అక్కడే ఉండేది.

"ఏ వీధి తల్లీ మీది?" అన్నాను.

హామ్ నోట్లో ఆగింది. "ఎవరికైనా చెప్తావా?" అంది.

"చెప్పను. రేపు ఆత్మ చేత ఒక్క మాట అనిపించాలి. అంతే. 'అగస్టా, నా చావు ఈగలకి ముందే ఎందుకు చెప్పావు?' అనాలి. మగ గొంతుతో."

"ఒక మాటకి ఏమిస్తావు?"

"కాల్చిన బాతు."

"ప్లమ్ కేకు కూడా."

"సగం."

"మొత్తం ఇస్తే గొంతు వణికిస్తా."

మొత్తం ఇస్తానన్నాను. కూర్చునేవాళ్లలో ఒక వంటమనిషి ఉంటే ఆత్మలకి ఇష్టమని మిస్ అగస్టాకి చెప్పమన్నాను. ప్రోసర్‌కి నేనే చీటీ పంపాను. తేనెటీగల మాటెత్తలేదు, బాతు మాటెత్తాను. వస్తానని తిరుగు బండిలోనే జవాబు వచ్చింది.

సెప్టెంబరు 22, మంగళవారం

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

మధ్యాహ్నం మూడింటికి డ్రాయింగ్ రూంలో పరదాలన్నీ దించారు. గుండ్రటి బల్ల చుట్టూ అయిదుగురం. మిస్ అగస్టా, మదామ్, ప్రోసర్, నేను. అయిదో ఆయన పాదిరీగారు. ఇది పాపమని చెప్పటానికి వచ్చి, చెప్పి, బాగున్న కుర్చీ చూసుకుని కూర్చున్నారు. చేతులు పట్టుకున్నాం. ప్రోసర్ చెయ్యి బాతు కొవ్వుతో జారిపోతోంది.

మదామ్ తల వాలింది. చాలాసేపు ఏమీ లేదు. కాలితో తన్నుదామనుకుంటుండగా బల్ల కదిలింది. తరవాత గొంతు వచ్చింది.

"పోసెట్ పల్చగా ఉంది."

మాట ఎవరైనా చెప్పగలరు. ఆ సాగదీత, చివర్లో ఆ ముక్కు ఎగబీల్పు ఎవరు చెప్పగలరు? ఆ గొంతు విని పాతికేళ్లు పొయ్యి ముందు ఉలిక్కిపడిన దాన్ని నేను.

"అగస్టా, నాకిక్కడ చలిగా ఉంది."

"శాలువా పంపనా అన్నయ్యా?" అంది మిస్ అగస్టా గొణుగుతూ.

"అక్కర్లేదు. చోటు చూసుకున్నాను. నీ తేనెబుట్టల్లో వెచ్చగా ఉంది. ఏడింట్లోనూ నేనే ఉంటాను. రోజూ ఉంటాను."

మిస్ అగస్టా దిగ్గున లేచింది. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

"వీల్లేదు! వాటి జోలికి రాకూడదనే కదా నీకు అది తాగించాను! చచ్చి కూడా అక్కడే దాపురిస్తావా? లే, బయటికి నడువు!"

పాదిరీగారి చేతి కర్ర కింద పడింది. ప్రోసర్ చెయ్యి పాంటుకి తుడుచుకుని మెల్లగా పుస్తకం తీశాడు.

"ఏం తాగించారమ్మా?"

"పాషాణం నాయనా. కింబర్ అల్మారాలోది. చక్కెరతో కలిపి పైన చల్లాను. అన్నయ్యకి తీపి ఎక్కువ కావాలి."

"మరి ఈగలకి..."

"గురువారం సాయంత్రమే చెప్పాను. అంత పెద్ద పని వాటికి చెప్పకుండా ఎలా చేస్తాను? శుక్రవారం ఆ గొడవలో చెప్పటం మరిచిపోతే? నా పిల్లలు నన్నొదిలి పోవా?"

"కింబర్ ఉరికంబం ఎక్కేవాడు కదమ్మా!" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగి, నిజంగా నొచ్చుకుంటూ, "అతనెందుకు ఒప్పుకున్నాడో నాకూ తెలీలేదు పార్డో. అంత మర్యాదస్తుడు. అతని మాట కాదనటం బాగుండదనుకున్నాను," అంది.

సెప్టెంబరు 23, బుధవారం

మిస్ అగస్టాని తీసుకెళ్లారు. మతి చలించిందని డాక్టర్ రాసిచ్చాడట, ఉరి ఉండదట. ఎక్కడో గోడల వెనక ఉంచుతారు. బండెక్కే ముందు నన్ను పక్కకి పిలిచి, "వాటికి నువ్వే చెప్పు పార్డో. నాకు నోరు రావట్లేదు," అంది. వెళ్లి ఏడు బుట్టలకీ చెప్పాను. చెబుతూ ఏడ్చాను. హత్య చేసిన మనిషి కోసం ఏడవకూడదంటే కూడదేమో, నాకు ఆగలేదు.

మదామ్ కేకు కోసం వచ్చింది.

"ఒప్పుకున్న మాట అననేలేదేం? ఆ బుట్టల సంగతి నీకెవరు చెప్పారు?"

"ఏ బుట్టలు?" అంది. "బాతు తిన్నాక కూర్చోబెడితే నాకు మెలకువ ఉంటుందా తల్లీ? తల వాల్చటం ఒక్కటే గుర్తు. నిద్రపోతే నువ్వు తన్ని లేపుతావనుకున్నా. లేచేసరికి ఆవిడ అరుస్తోంది. నేను అనాల్సింది అననేలేదా? అయితే కేకు సగమే ఇవ్వు."

మొత్తం ఇచ్చి పంపాను. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. నాలుగింటికి టీ పెట్టుకుని కూర్చున్నాను. గంట మోగలేదు.

సెప్టెంబరు 26, శనివారం

వచ్చాడు.

వెనక తలుపు తోసుకుని, చిక్కి సగమై, మాసిన గడ్డంతో వచ్చి నిలబడ్డాడు. గుమ్మం పక్క కొక్కేనికి ఉన్న టోపీ తీసి చూసుకున్నాడు. "బ్రష్ ఎవరు కొట్టారు? నూగుకి ఎదురు కొట్టారు," అన్నాడు.

చేతిలో గరిటె ఉంది. విసరలేదు.

"ముందు ఇది చెప్పండి. చెయ్యని పాపం ఎందుకు ఒప్పుకున్నారు?"

టోపీ నూగు సరిచెయ్యటం మొదలుపెట్టాడు. చెప్పకపోతే భోజనం పెట్టనన్నాను. అప్పుడు నోరు విప్పాడు.

"గురువారం రాత్రి నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. మీరు అటు తిరిగి, కాగితం పొట్లంలోంచి తెల్లపొడి తీసి పోసెట్లో కలిపారు. నన్ను చూడగానే పొట్లం ఏప్రాన్ జేబులో కుక్కేశారు. 'మింగండి' అని గొణిగారు కూడా. అప్పుడేం అనుకోకుండా గిన్నె పైకి మోశాను. పొద్దున వెళ్లి చూస్తే దొరగారు అలా ఉన్నారు."

ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు, ఈ పుస్తకంలో కూడా రాయలేదు. గుడ్లతో తప్ప చిక్కపడనివ్వనని ఈ జిల్లా వంటమనుషులందరి ముందూ గొప్పలు పోయిన నేను మూడేళ్లుగా పోసెట్లో చిక్కదనానికి ఆరోరూట్ పిండి కలుపుతున్నాను. గుడ్లు విరుగుతున్నాయి, నా చెయ్యి ముందులా లేదు.

"అది ఆరోరూట్ పిండి," అన్నాను.

"ఆరోరూటా?"

"ఆరోరూటే."

"అంటే నేను ఆరోరూట్ కోసం ఉరికంబం ఎక్కబోయానా?"

"నేను విషం పెట్టాననుకున్నారా! ఇరవై రెండేళ్లు నా చేతి తిండి తిని!"

"అనుకున్నాను."

"మరి ప్రోసర్‌కి చెప్పొచ్చుగా ఆ ముక్క!"

"చెప్పొచ్చు," అన్నాడు. టోపీ అటూ ఇటూ తిప్పాడు. "చెప్పబుద్ధి కాలేదు."

సామాన్ల గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. అవమానంతో కాసేపు ఏడ్చాను, అవమానం కాకుండా కాసేపు ఏడ్చాను. నేను హత్య చేశానని పూర్తిగా నమ్మి, నా బదులు చావటానికి బయల్దేరాడు. మాట మాత్రం చెప్పకుండా, చూడ్డానికి వెళ్తే మొహం చాటేసి. ఆయనంటే నాకు ఇష్టం. ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. ఎప్పటినుంచో ఇష్టం. ఇన్నాళ్లూ ఈ పుస్తకంలో ఆ ఒక్క సంగతి రాయకుండా చుట్టూ తిరిగాను.

బయటికి వచ్చి, ఆయన ఎదురుగానే గుడ్లు గిలక్కొట్టాను, మీగడ కాచాను, షెర్రీ పోశాను. పొట్లం విప్పి, ఆయన చూస్తుండగానే ఆరోరూట్ కలిపాను. గిన్నె ఆయన ముందు పెట్టాను. ఆయన చెంచా ముంచి నోటిదాకా తెచ్చి, ఒక్క క్షణం ఆగారు. తరవాత గిన్నె ఖాళీ చేశారు.

ఆ ఒక్క క్షణం సంగతి పెళ్లయ్యాక తేలుస్తాను.